ఆమె మాట ఎవరు వింటారు?

(కార్యకర్తల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



మూఢనమ్మకాల నుంచి స్త్రీలను మానసిక వైద్యం వైపు ఎలా మళ్ళించాలో చెప్పమన్నారు నన్ను. ఈ "మళ్ళించడం" అన్న మాట దగ్గరే నాకు ఇబ్బంది.

పరిశోధన కోసం తిరిగే రోజుల్లో ఒక దర్గాలో ఒకామెను చూశాను. గురువారం సాంబ్రాణి పొగ వేయగానే జుట్టు విరబోసుకుని ఊగిపోయేది. అత్తగారిని పేరు పెట్టి పిలిచి, "నా పుట్టింటి బంగారం ఏం చేశావే?" అని నిలదీసేది. అత్తగారు చేతులు జోడించి వినేది! ఆ తర్వాత ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు అన్నీ భర్తనే అడిగి రాసుకున్నాడు. మాత్రలతో నిద్ర పట్టింది, కేకలు తగ్గాయి. నిజంగానే మేలు జరిగింది, కాదనను. బంగారం మాట మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అలాగని నేను దర్గాలనూ గుళ్ళనూ వెనకేసుకు రావడం లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు వచ్చిన రోగులను ఉంచే ఒక ప్రైవేటు షెడ్డు తగలబడింది. గొలుసులతో కట్టేసి ఉండడం వల్ల పారిపోలేక 28 మంది చనిపోయారు.

గుజరాత్‌లో ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో 2008లో "దవా-దువా" పేరుతో ఒక ప్రయత్నం మొదలైంది. మానసిక వైద్యులు దర్గా ఆవరణలోనే కూర్చున్నారు. ముజావర్లు దువా చేసి, డాక్టరుకు కూడా చూపించుకోమని పంపారు. నమ్మకాన్ని వదులుకోమని ఎవరినీ అడగలేదు. ఇది మంచి దారే. కానీ ముజావరూ డాక్టరూ భర్తా ఒక మాట మీదకు వస్తే సరిపోతుందా? ఆమెను ఎవరు అడిగారు?

2018 నుంచి అమల్లో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. అది మనలో చాలామందికి తెలుసు. 14వ సెక్షన్ గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. చికిత్స విషయంలో తన తరఫున ఎవరు నిలబడాలో ఆమే తెల్లకాగితం మీద రాసివ్వవచ్చు. సంతకం రాకపోతే వేలిముద్ర చాలు. ఆ వ్యక్తి మేజరై, ఒప్పుకోవాలి, భర్తే కానక్కర్లేదు. ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఏమీ రాయకపోతే ఆ స్థానంలోకి ముందుగా వచ్చేది బంధువే.

మీ దగ్గరికి వచ్చే స్త్రీలతో ఈ కాగితం సంగతి వాళ్ళు బాగున్న రోజుల్లోనే మాట్లాడండి. ఎవరి పేరు రాయాలో మాత్రం మీరు చెప్పకండి.