తొమ్మిదో నెలలో ఈ నొప్పి వస్తే గ్యాస్ అని వదిలేయకండి

మాది కళింగపట్నం. నాకిప్పుడు తొమ్మిదో నెల. నెలలు నిండేకొద్దీ ఒంట్లో ఎక్కడెక్కడో నొప్పులొస్తాయి కదా? వాటిలో ఏవి మామూలువో, వేటికి పరిగెత్తాలో ఈరోజు చెప్పుకుందాం.

ముందు మామూలువి. మంచం మీద పక్కకి తిరిగితే గజ్జల్లో చురుక్కుమంటుంది. గర్భసంచిని పట్టి ఉంచే కండరాలు, నరాల్లాంటివి సాగడం వల్ల అలా అవుతుంది. పొద్దున్న లేచేసరికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మణికట్టు దగ్గర నీరు చేరి నరం నొక్కుకోవడమే కారణం. కాన్పయ్యాక చాలామందికి తగ్గిపోతుంది. కడుపు గట్టిపడినా, కాసేపు నడిస్తేనో పడుకుంటేనో వదిలేస్తే అవి దొంగ నొప్పులు. ఒక లెక్క ప్రకారం, రానురాను దగ్గరగా, గట్టిగా వస్తే మాత్రం పురిటి నొప్పులే.

ఇప్పుడు అసలు విషయం. పైకడుపులో, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి. మా వైపు ఇళ్లల్లో "గేసేనమ్మా, ఏటవ్వదులే" అని సోడా చేతిలో పెట్టేస్తారు. గ్యాసే కావచ్చు కూడా. కానీ బీపీ పెరిగి లివర్ మీద దెబ్బ పడినా నొప్పి అక్కడే వస్తుంది. దీన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. దానికి తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం ఉబ్బడం తోడైతే అస్సలు ఆగొద్దు. ముదిరితే ఫిట్స్ వస్తాయి, తల్లీబిడ్డ ఇద్దరికీ ప్రాణం మీదకొస్తుంది. తేల్చుకోవడానికి బీపీ, మూత్ర పరీక్ష, రక్త పరీక్ష చేస్తారు. బీపీ 140/90కి చేరితే అదే రోజు డాక్టర్ చూడాలి.

ఒక్క కాలే వాచి పిక్క నొప్పెట్టినా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా ఇంతే.

ఇంకోటి. మెడికల్ షాపులో అడిగి డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ లాంటివి వేసుకోకండి. 20 వారాల తర్వాత అవి బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించవచ్చని 2020లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

మా ఊరి నుంచి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి సుమారు 30 కిలోమీటర్లు. అందుకే తెల్లారనిద్దాం అనుకోకుండా 108కి ఫోన్ చేయాలి. నొప్పి లేకపోయినా, ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, వదులుకోకండి.

పెద్దవాళ్లతో వాదన వద్దు. "సోడా తాగుతాను అత్తా, ముందు బీపీ చూపించుకుని వద్దాం" అనండి. చాలు.

మీ ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లుంటే ఈ వీడియో పంపండి. వాళ్ల అత్తకీ, అమ్మకీ కూడా. ఉంటాను మరి!