బాట చూపే ముందు ఊరిని అడుగుదాం
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతకు చేసిన ప్రసంగ పాఠం)



 ఈ ఆగస్టు 9న మన పాట గురించి, మన ఆట గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. మాకు అప్పగించిన మాట వేరు. మన పాత అడవిలో నడక బాటలు, సైకిల్ బాటలు. వినడానికి చిన్న విషయమే. కాని మేము చేసిన ఒక తప్పు దాన్ని మాకు పెద్ద విషయం చేసింది. ఆ తప్పుతోనే మొదలుపెడతాం.

రెండేళ్ల కిందట చలికాలంలో మేము తొమ్మిది మందిమి మందస వైపు కొండల్లో ఒక పాత బాట పట్టుకొని నడిచాం. ఒక తాత ముందు నడిచాడు. గెడ్డ దాటించాడు, ఊట దగ్గర నీళ్లు తాగించాడు, ఊరంతా కలిసి మొక్కే చెట్టు చూపించాడు. ఇంటికొచ్చాక మేము చేసిన పని ఏమిటంటే, ఆ బాటను ఫోన్‌లో మ్యాప్ మీద గీసి, ఊట ఇక్కడ, చెట్టు ఇక్కడ అని గుర్తులు పెట్టి అందరికీ పంపాం. చాలామంది మెచ్చుకున్నారు. మేమూ సంబరపడ్డాం.

మూడు నెలల తరవాత మళ్లీ వెళ్లాం. బాట పొడవునా మోటారు సైకిళ్ల గాడి. ఊటలో సీసాలు. చెట్టు మొదట్లో ఎవరో వంట చేసుకున్న మసి. తాత మమ్మల్ని తిట్టలేదు. "మీకు బాట చూపించాను గాని, ఊరికి చెప్పి చూపించలేదు. నాదీ తప్పే" అన్నాడు. తిట్టినా బాగుండేది. పంపిన మ్యాప్ మేము తీసేశాం. అప్పటికే దాచుకున్నవాళ్ల దగ్గర నుంచి మాత్రం తీయలేకపోయాం.

అందుకే ఈ రోజు మీకు చెప్పదలచింది ఒకటే. బాట అంటే ఊరి సొత్తు. చూపాలా వద్దా, ఎంతవరకు చూపాలి అన్నది ఊరు తేల్చాలి.

పలాస స్టేషన్‌లో దిగి ఉత్తరం వైపు చూస్తే కనిపించేవి మహేంద్రగిరి కొండలు. శిఖరం ఎత్తు 1,501 మీటర్లు. అది ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. 2022లో ఆ రాష్ట్రం ఆ కొండను జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. అక్కడ పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే కొండమీద అడవి పట్టి ఉంచిన వాన నీరే కింద ఉద్దానం వైపు వస్తోంది. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, టెక్కలి, పలాస ఇటు ఉండిపోయాయి. మన చుట్టాలు మాత్రం రెండు వైపులా ఉన్నారు. సంతకు, పెళ్లికి, అడ్డాకులకు, కొండచీపుళ్లకు, ఇప్పపువ్వుకు నడిచి నడిచి పడిన బాటలివి. సర్వే గీత కంటే ముందువి.

పాత అడవి అంటే పెద్ద చెట్లున్న అడవి మాత్రమే కాదు. ముసలి చెట్టు, నడివయసు చెట్టు, మొలక అన్నీ ఒకే చోట ఉంటాయి. తొడంత లావు అడ్డతీగ ఉంటుంది. తొర్ర ఉంటుంది, అందులో పిట్ట ఉంటుంది. పడిపోయిన మాను కుళ్లి మట్టికి బలమవుతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. ఏళ్ల తరబడి పెంచిన కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలకూలాయి. తోట పడితే మళ్లీ మనమే నాటాలి. పాత అడవిలో చెట్టు పడితే, ఆ సందులో వెలుతురు కోసం కాచుకున్న మొక్క లేస్తుంది. ఆ మొక్కను తొక్కకుండా ఉంటే చాలు.

ఇక్కడే సైకిల్ మాట వస్తుంది. సైకిల్ మీద మాకు కోపం లేదు. మాలో సగం మంది సైకిల్ మీదే చదువుకున్నాం. కాని తడి నేల మీద చక్రం తిరిగితే సన్నటి గాడి పడుతుంది. కొండవాలులో ఆ గాడి వెంటే వాన నీరు దిగుతుంది. నాలుగు వానలకు అది కాలువవుతుంది. వేర్లు బయటపడతాయి, నేల గట్టిపడి మొలక రాదు. బురద తప్పించుకోవడానికి ఇంకొకరు పక్కనుంచి పోతే బాట రెండింతలవుతుంది. మన పెద్దలు ఒకరి వెనక ఒకరు నడిచింది ఊరికే కాదు.

కాబట్టి సైకిల్‌కు దాని చోటు ఇద్దాం. ఉద్దానంలో తోటల మధ్య రోడ్లున్నాయి. వజ్రపుకొత్తూరు మీదుగా భావనపాడు తీరానికి పోవచ్చు. టెక్కలి నుంచి నౌపడ ఉప్పుమళ్లు చూసి, తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టే చెట్ల దాకా పోవచ్చు. కొండ మొదలైన చోట సైకిల్ ఆపి, ఊరి మనిషిని వెంటబెట్టుకొని నడవండి. పొద్దు వాలేలోపు దిగిపోండి. జీడితోటల్లోకే ఎలుగుబంట్లు వస్తున్న కాలమిది.

ఇలా ఆలోచించింది మనమొక్కరమే కాదు. కెనడా పడమటి తీరంలో మియర్స్ అనే దీవి ఉంది. అక్కడి వందల ఏళ్ల దేవదారు చెట్లను కలప కంపెనీ నరకబోతే, త్లా-ఓ-క్వి-ఆట్ అనే ఆదివాసులు 1984లో ఆ దీవిని తమ ఆదివాసీ వనంగా ప్రకటించారు. మరుసటి ఏడాది కోర్టు నరకడాన్ని ఆపింది. ఇప్పుడు అక్కడ మహా వృక్షాల మధ్య నడక బాట ఉంది. వేర్లు నలగకుండా కొంత దూరం చెక్కలు పరిచారు. ముందు అడవి నిలబడింది, తరవాతే చూడటానికి జనం వచ్చారు.

మన చేతిలోనూ చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం పోడు పట్టా కోసమే అనుకుంటాం. అందులో సెక్షన్ 3(1)(ఐ) చదవండి. తరతరాలుగా కాపాడుకుంటున్న అడవిని కాపాడుకునే, చూసుకునే సామూహిక హక్కు అది. సెక్షన్ 5 ఆ బాధ్యతను గ్రామసభకు ఇచ్చింది. దానికోసం గ్రామసభ ఒక కమిటీ వేసుకోవచ్చని 2008 నియమాలు చెబుతున్నాయి. మీ ఊళ్లో ఆ కమిటీ ఉందా? లేకపోతే అడగాల్సింది మీరే.

చివరగా ఒక పని అప్పగిస్తున్నాం. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకోవడానికి మన కొండల్లో తిరిగారు. మలేరియాకు వేసుకున్న క్వినైన్ వల్ల ఆయన వినికిడి పోయింది. అయినా వదల్లేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. చెవులు పోగొట్టుకొని ఆయన మన మాటను రాసిపెట్టారు. చెవులున్న మనం మన తాత చెప్పే బాటను రాసుకోలేమా?

ప్రతి ఒక్కరూ మీ ఊరి బాట ఒకటి ఎంచుకోండి. తాతతోనో, అమ్మమ్మతోనో నడవండి. ప్రతి గెడ్డకు, ప్రతి బండకు, ప్రతి మలుపుకు మన భాషలో ఉన్న పేరు అడిగి నోటుపుస్తకంలో రాయండి. ఫోన్‌లో కాదు, నోటుపుస్తకంలో. దాన్ని గ్రామసభలో చదివి వినిపించండి. ఏ బాట బయటివాళ్లకు చూపాలో, ఏది మనవరకే ఉంచుకోవాలో, దేవత ఉన్న చోటికి అసలు బాటే చెప్పకూడదో ఊరు తేలుస్తుంది.

ఆ తాత ఈ మధ్య మమ్మల్ని మళ్లీ పిలిచాడు. ఊటను శుభ్రం చేయడానికి. ఈసారి ఊరంతా వచ్చింది. మేము ఫోన్లు ఇంట్లో పెట్టి వెళ్లాం.

జోహార్!