పొగగొట్టం లేని పరిశ్రమ

మాస్టారి భూగోళశాస్త్ర పాండిత్యం గురించి ఈ వేదిక మీద పెద్దలు ఏటా చెబుతూనే ఉన్నారు. నాకు ముందుగా గుర్తొచ్చేది ఆయన నిమ్మకాయ ఊరగాయ డబ్బా. సర్వేకి ఎక్కడికి బయల్దేరినా చేతిసంచిలో టోపోషీట్ల పక్కన అది ఉండాల్సిందే. ఏ ఊళ్ళో ఎవరింట భోజనానికి కూర్చున్నా ముందు వాళ్ళకి వడ్డించి తర్వాత తాను వేసుకునేవారు. మ్యాపులో లేని సంగతులు ఆ భోజనాల దగ్గరే బయటపడేవి.

ఆయనతో నాకు ఒక్క విషయంలో చివరిదాకా పేచీ ఉండిపోయింది. గోదాములు ఊరికి మంచి పొరుగని ఆయన నమ్మారు. పొగ రాదు, విషపు నీళ్ళు వదలవు, కుర్రాళ్ళకు పని దొరుకుతుంది అనేవారు. ఈ వాదన ఇప్పటికీ చాలామంది నోట వింటున్నాను. ఆయన పేరిట జరిగే సభలోనే దానికి జవాబు చెప్పడం ఆయనకు ఇష్టమయ్యేదని నా నమ్మకం.

హైదరాబాదు పక్కన మేడ్చల్, శంషాబాద్ వైపు ఈ గోదాము షెడ్లు ఎలా వచ్చాయో మీకు తెలిసిందే. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు, విమానాశ్రయం, 2017లో జీఎస్టీ, ఆ ఏడాది నవంబరులో లాజిస్టిక్స్ రంగానికి మౌలిక సదుపాయాల హోదా అన్నీ కలిసొచ్చాయి. చెలకలకు నాలా కన్వర్షన్లు అయ్యాయి, అంటే అవి వ్యవసాయేతర భూములయ్యాయి. ఏజెన్సీ కూలీల గురించీ, 2024లో మానేసర్ గోదాము కార్మికుల ఫిర్యాదుల మీద జాతీయ మానవ హక్కుల సంఘం కేంద్రానికి ఇచ్చిన నోటీసు గురించీ రాసినవాళ్ళు ఉన్నారు. ఆ సంగతుల్ని నేను దాటి వెళ్తున్నాను.

నా పేచీ కొలత గురించి. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ భవనాన్ని చదరపు మీటర్లలో కొలుస్తుంది. 20,000 దాటితే, అంటే సుమారు 2,15,000 చదరపుటడుగులు దాటితే, ముందస్తు అనుమతి కావాలి. 2014 డిసెంబరులో పారిశ్రామిక షెడ్లకు మినహాయింపు ఇచ్చారు. 2015 జూన్‌లో ఒక మెమో పరిశ్రమ ఆవరణలోని గోదాముల్నీ అందులో కలిపింది. 2024లో కేరళ హైకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. 2025 జనవరిలో కేంద్రం మళ్ళీ తెచ్చింది, ఆగస్టులో సుప్రీంకోర్టు మళ్ళీ కొట్టేసింది. ఇంత పోరాటం జరిగినా ఊరివాళ్ళకు దక్కింది తక్కువ. ఎందుకంటే ఆ నోటిఫికేషన్ పట్టికలో భవనాలకు కేటాయించిన ఎనిమిదో అంశం కింద వచ్చే నిర్మాణాలన్నిటికీ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మొదట్నుంచే మినహాయింపు ఉంది. సిమెంటు ఫ్యాక్టరీ వస్తుందంటే టెంటు వేసి, మైకు పెట్టి, కలెక్టరో ఆయన ప్రతినిధో కూర్చుని ఊరి మాట వినాలి. గోదాముకి ఆ టెంటు లేదు.

పొగ రాదన్న మాట తీసుకుందాం. పొగ షెడ్డులోంచి రాదు, నిజమే. లోపలికి వెళ్ళే స్లాటు దొరకని కంటైనర్ లారీలూ డీసీఎంలూ గేటు బయట ఊరి రోడ్డు మీద వరసగా ఆగుతాయి. డ్రైవర్లు టైరు పక్కన స్టవ్వు వెలిగించి వంట చేసుకుంటారు, వాళ్ళకు మరుగుదొడ్డి ఉండదు. చల్లబెట్టే బండ్లయితే ఇంజను ఆపరు. బడి పిల్లలు ఆ బండ్ల మధ్యనుంచే రోడ్డు దాటాలి. చదరపు మీటర్లలో ఇదేదీ పట్టుబడదు, కొలవాల్సింది లారీల్ని.

నీళ్ళ సంగతీ అంతే. షెడ్డు వదిలేది వాన నీళ్ళే, కానీ ఒక్కసారిగా వదులుతుంది. పదెకరాల రేకుల మీదా కాంక్రీటు మీదా ఒక్క సెంటీమీటరు వాన పడితే నాలుగు లక్షల లీటర్లు. చెలకగా ఉన్నప్పుడు నేల చాలావరకు తాగేది. ఇప్పుడు కింది పొలం గట్టు తెగుతుంది. ఆ రైతు గేటు దగ్గరికెళ్తే గార్డు తనది ఏజెన్సీ అంటాడు. ఏజెన్సీవాళ్ళు అద్దెకున్న కంపెనీని చూపిస్తారు, కంపెనీ షెడ్డు కట్టినవాణ్ణి చూపిస్తుంది. గట్టు మాత్రం రైతే వేసుకుంటాడు.

లారీల్ని లెక్కపెట్టడం సాధ్యం కాదనేవాళ్ళకు దక్షిణ కాలిఫోర్నియా జవాబు. లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ రేవుల సరుకు రివర్‌సైడ్, శాన్ బెర్నార్డినో కౌంటీల నారింజ తోటల్నీ పాడి క్షేత్రాల్నీ గోదాములుగా మార్చేసింది. అక్కడి వాయు నియంత్రణ సంస్థ 2021 మేలో 2305వ నిబంధన తెచ్చింది. లక్ష చదరపుటడుగులు, అంతకు మించిన గోదాము తన గేటుకు వచ్చిపోయే ట్రక్కుల్ని లెక్క చూపాలి. ఆ లెక్కకు తగ్గట్టు విద్యుత్ ట్రక్కులో, చార్జర్లో, పక్క బడికి గాలి ఫిల్టర్లో పెట్టాలి, లేదంటే రుసుము కట్టాలి. ట్రక్కుల యజమానుల సంఘం కోర్టుకెళ్ళింది. 2023 డిసెంబరులో ఫెడరల్ కోర్టు నిబంధననే నిలబెట్టింది.

గట్టిగా అడిగితే గోదాములు పక్క రాష్ట్రానికి పోతాయని భయపెడతారు. పోలేవు. కొనేవాళ్ళు హైదరాబాదులో ఉన్నారు, ఇవాళ ఆర్డరిస్తే రేపు అందాలంటున్నారు. ఫ్యాక్టరీ పోగలదు, గోదాము నగరాన్ని వదిలి దూరం పోలేదు. ఊళ్ళ చేతిలో ఉన్న బలం ఇదే. మాస్టారు దీన్ని లెక్కలోకి తీసుకోలేదు.

నేనిప్పుడు చేస్తున్న పని ఇక్కడే మొదలవుతుంది. అవుటర్ పక్క ఊళ్ళలో షెడ్డు షెడ్డుకీ ఒక పుట తెరుస్తున్నాం. సర్వే నంబరు, కన్వర్షన్ తేదీ, కట్టిందెవరు, అద్దెకున్నదెవరు, వాన నీరు ఎటు పోతుంది, గేటు బయట ఏ వేళ ఎన్ని బండ్లు ఆగుతున్నాయి. బండ్ల లెక్క ఆ ఊరి డిగ్రీ పిల్లలే రాస్తున్నారు. ఈ పుటలు గ్రామసభ ముందు పెట్టి, బండ్ల సంఖ్య ఆధారంగా ప్రజాభిప్రాయ సేకరణ కోరుతూ తీర్మానం చేయించాలన్నది ఆలోచన. పాత అనుమతుల కాపీలు పంచాయతీల్లో దొరకడం కష్టంగా ఉంది. ఈ సభలో ఆ ఊళ్ళవాళ్ళు కొందరున్నారు. మీ ఇళ్ళలో పాత సర్పంచుల కాలం నాటి తీర్మానాలూ నిరభ్యంతర పత్రాలూ ఉంటే, సభ అయ్యాక తలుపు దగ్గర ఉన్న నా విద్యార్థులకు మీ ఊరి పేరు రాయించండి. వాళ్ళే వచ్చి నకలు తీసుకుని, అసలు మీకే ఇచ్చి వెళ్తారు.