దూరమునుండి ప్రతిని దిద్దుట

పుస్తకమునకు ముఖచిత్రము వేసినవారి పేరును, అచ్చొత్తిన ముద్రాక్షరశాల పేరును లోపలి పుటలో కనబడును. వాక్యములను సరిచూచినవాని పేరు తరచుగా కనబడదు. కాపీ ఎడిటింగు అనబడు ఈ పని ప్రూఫులు దిద్దుటకంటె వేరైనది. ప్రూఫులను కూర్పు ముగిసిన పిమ్మట దిద్దుదురు. ప్రతిని కూర్పునకు ముందే పరిష్కరింతురు. నేడిది ఇంటర్నెట్టు ద్వారా సాగు వృత్తియైనది. అమెరికాలోని తెలుగు రచయిత రాత్రివేళ పంపిన ప్రతిని విజయవాడలోని పరిష్కర్త పగటివేళ దిద్దవచ్చును. ఒకరి ముఖమొకరు చూడకయే పని ముగియును.

ముఖపరిచయము లేనిచోట నమ్మకము దేనిమీద నిలుచును? చేసిన ప్రతి మార్పును రచయిత కంటబడునట్లు చేయుటమీద నిలుచును. వర్డ్ వంటి సాధనములలో కొట్టివేసిన మాటయు, చేర్చిన మాటయు వేరు రంగులో నిలిచియుండు ఏర్పాటు కలదు. రచయిత ఒక్కొక్క మార్పును అంగీకరింపవచ్చును, త్రోసివేయవచ్చును. ఈ గుర్తులను చెరిపివేసి ప్రతిని తిప్పిపంపు పరిష్కర్త ఎంతటి పండితుడైనను, అతనికి రెండవ ప్రతిని పంపువారుండరు.

కొన్ని తప్పులను అడుగకయే దిద్దవచ్చును. అర్థమనగా భావము, అర్ధమనగా సగము. కావున 'అర్థరాత్రి'ని 'అర్ధరాత్రి'గా మార్చుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. కాని ఒక ఔషధపు కరపత్రమున ఒకచోట 'వాడవలెను' అనియు, వేరొకచోట 'వాడవలదు' అనియు ఉన్నచో, ఏది సరియో పరిష్కర్త ఊహింపరాదు. అంచున ప్రశ్న వ్రాసి, తెలిసినవారినుండి సమాధానము తెప్పించుకొనవలెను.

అన్నిటికంటె మెలకువ కావలసినది మాండలికము విషయమున. తెలంగాణపు రచయిత 'అంగి' అని వ్రాసినచో దానిని 'చొక్కా' చేయుటయు, రాయలసీమ పాత్ర నోట 'యాడికి' అన్నదానిని 'ఎక్కడికి' అని మార్చుటయు, ఆ రచననుండి ఆ ఊరిని తొలగించుటయే యగును. ఒకే పాత్ర ఒకచోట 'అంగి' అనియు, మరియొకచోట 'చొక్కా' అనియు పలికినచో, అది ఉద్దేశించి చేసినదేనా అని మాత్రము అడుగవచ్చును.

ఈ శ్రమకు ప్రతిఫలమిచ్చుట మనకు క్రొత్త కాదు. 1829లో వేమన పద్యములను ప్రచురించిన సి.పి. బ్రౌను, పండితులను జీతములిచ్చి నియమించి, వ్రాతప్రతులను ఒకదానితో నొకటి పోల్పించి గ్రంథపాఠములను సిద్ధపరపించెను. నేటి చిక్కు లెక్క కట్టుటలో నున్నది. ఇంగ్లీషు ప్రతులకు మాటకింత యని ధర చెప్పుట వాడుక. తెలుగునకిది సరిపడదు. 'వెళ్ళవలసివచ్చినందువలన' అనునది కంప్యూటరు లెక్కలో ఒక్క మాట. విడదీసి వ్రాసినచో రెండో మూడో యగును. విడదీయువాడు పరిష్కర్తయే గనుక, తన కూలిని తానే పెంచుకొన్నట్లగును. కావున చేతికి వచ్చిన ప్రతిలోని అక్షరములనుబట్టియో, పుటలనుబట్టియో ముందే ధర నిర్ణయించుట మేలు. యూనికోడులో తెలుగు లిపికి 1991లోనే స్థానము లభించినను, పాత ఫాంట్లలో కూర్చిన ప్రతులు ఇంకను వచ్చుచుండును. వాటిని మార్చునపుడు వత్తులు తారుమారగుట కలదు. ఆ శ్రమను వేరుగా చెప్పుకొనవలెను.

ఇప్పుడు యంత్రములును క్షణములో ప్రతిని దిద్దగలవు. అవి 'అర్థరాత్రి'ని పట్టుకొనగలవు; అడుగకయే 'అంగి'ని చొక్కాగా మార్చను గలవు. వాటి సాయము పొందదలచినను, అచ్చుకాని రచనను రచయిత అనుమతి లేనిదే వాటికి అప్పగింపరాదు.

ఇంటనుండియే ఈ వృత్తి చేపట్టదలచిన ఉపాధ్యాయులును, గృహిణులును శ్రోతలలో ఉండవచ్చును. కంప్యూటరును, మంచి నిఘంటువును దగ్గర నుంచుకొని, మొదట రెండు పుటలు మాత్రము దిద్ది రచయితకు చూపుడు. ఎంత దిద్దుబాటు కావలెనో, ఎంతకు మించి కూడదో ఆ రెండు పుటలతోనే ఇరువురకును తెలియును. 'వ్రాయు', 'రాయు' అను రెండింటిలో ఏది వాడవలెను మొదలైన నిర్ణయములను ఒక కాగితముపై వ్రాసి, ప్రతితోపాటు పంపుడు. తరువాతి పుస్తకమునకు రచయిత ఆ కాగితముతోనే మీకు మరల ఉత్తరము వ్రాయును.