రూపాయికి చిల్లర
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నన్ను పిలిచినప్పుడు కార్యదర్శి గారు, "మీ ఉద్యోగం గురించి, సాధించిన వాటి గురించి ఓ పావుగంట చెప్పండి" అన్నారు. ముప్పై ఏళ్లుగా ఇంజినీరుగా జీతం తీసుకుంటున్నాను. దాని గురించి పావుగంట చెబితే నాకే నిద్ర వస్తుంది. అందుకని, రాత్రి భోజనం అయ్యాక జీతం లేకుండా చేసే పని ఒకటుంది, దాని గురించి చెబుతాను. కంప్యూటరుకి ప్రోగ్రాం రాసి లెక్కల చిక్కులు విప్పడం. మా ఇంట్లో దీనికి వేరే పేరుంది. "మీ నాన్న మళ్లీ పనికిమాలిన పనిలో పడ్డారు" అంటుంది మా ఆవిడ పిల్లలతో.

ఈ అలవాటుకి మూలం ఈ బడే. కారకులు ముందు వరసలోనే ఉన్నారు. మా లెక్కల మాస్టారు. ఎనభై దాటాయి, అయినా ఎండలో వచ్చారు. మాస్టారూ, ఈ సంగతి చెప్పడానికి పొద్దున్న మీ అనుమతి తీసుకున్నాను కాబట్టి ఇప్పుడు మీరు లేచి వెళ్లిపోకూడదు.

1982. తొమ్మిదో తరగతి. ఆ రోజు మాస్టారు క్లాసుకి చిరాగ్గా వచ్చారు. బస్సు కండక్టరు చిల్లర లేదని టికెట్టు వెనక బాకీ రాసిచ్చాడట. బల్ల మీద రూపాయి నోటు పెట్టి అడిగారు: "ఐదు పైసలు, పది పైసలు, పావలా, అర్ధరూపాయి. ఈ నాలుగు రకాల నాణేలే ఉన్నాయి. ఈ నోటుకి చిల్లర ఎన్ని రకాలుగా ఇవ్వొచ్చురా?"

పీరియడు అయ్యేసరికి నాకు 38 వచ్చాయి. పక్కవాడికి 43. వాడు మూడింటిని రెండేసిసార్లు రాశాడు, నేను రెండు వదిలేశాను. సరైన జవాబు 40. అర్ధరూపాయిలు ఎన్ని అని మొదట తేల్చుకుని, తరవాత పావలాలు, తరవాత పది పైసలు అని వరసలో వెళ్తే ఒక్కటీ జారిపోదని బోర్డు మీద చూపించారు. అంతటితో ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు.

"ఇప్పుడు ఒక పైసా, రెండు పైసలు, మూడు పైసలు, ఇరవై పైసలు కూడా కలపండి. సోమవారం చెప్పండి."

ఇక్కడున్న చిన్నవాళ్ల కోసం ఒక మాట. అప్పుడు ఆ ఎనిమిది రకాలూ ఉండేవి. 1957లో రూపాయిని వంద పైసలు చేశారు. మూడు పైసల బిళ్ల 1964లో, ఇరవై పైసల బిళ్ల 1968లో వచ్చాయి. మూడు పైసల బిళ్లకి ఆరు పలకలు. చాలామంది ఇంట్లో దేవుడి గూట్లో ఇప్పటికీ ఒకటి దొరుకుతుంది. 2011 జూన్ 30 తరవాత పావలా, అంతకన్నా చిన్న నాణేలన్నీ చెల్లకుండా పోయాయి. అంటే మాస్టారి లెక్కలో ఎనిమిది నాణేల్లో ఏడు ఇప్పుడు లేవు. లెక్క మాత్రం ఉంది.

ఆదివారం నాలుగు పేజీలు రాశాను. ఐదో పేజీ మొదట్లో తెలిసింది, ఇది నా వల్ల కాదని. అక్కడే ఆపి, చివర 2,316 అని ఒక అంకె వేశాను. ఎందుకు ఆ అంకె అంటే చెప్పలేను. చూడటానికి నిజంలా ఉంది.

సోమవారం మాస్టారు నా పుస్తకం చూశారు. తప్పని కొట్టెయ్యలేదు, టిక్కూ పెట్టలేదు. ఎర్ర సిరాతో ఒక ప్రశ్నార్థకం పెట్టి, "దారేదిరా?" అన్నారు. నేను, "చేశానండి, ఆ పేజీలు వానకి తడిసిపోయాయండి" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. "సరే, జవాబు నాకూ తెలీదు. ఎవరైనా చేస్తే చూపించండి" అని చాక్‌పీసు తీసుకుని వేరే పాఠంలోకి వెళ్లిపోయారు. బెత్తం దెబ్బలైతే సాయంత్రానికి మరిచిపోయేవాణ్ణి.

తరవాత ఇంజినీరింగు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. దాదాపు పాతికేళ్లు ఆ రూపాయి గుర్తు రాలేదు. ఒకసారి ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడొకడు భోజనాల వేళ ప్రాజెక్ట్ ఆయిలర్ గురించి చెప్పాడు. కాలిన్ హ్యూస్ అనే ఆయన 2001లో మొదలుపెట్టిన లెక్కల వరస అది. గణితం తెలియాలి, ప్రోగ్రామూ రాయాలి. ఒక్కటే చాలదు. మొదటి లెక్క చాలా సులువు: వెయ్యి లోపు 3తో గాని 5తో గాని భాగించబడే సంఖ్యలన్నీ కూడితే ఎంత? కుర్రాడు ప్రోగ్రాం రాసి 2,33,168 అన్నాడు. నేను చేతిరుమాలు కాగితం మీద మూడో ఎక్కం కూడి, ఐదో ఎక్కం కూడి, రెండిట్లోనూ వచ్చే పదిహేనో ఎక్కం ఒకసారి తీసేశాను. 1,66,833 కి 99,500 కలిపి 33,165 తీసేస్తే అదే జవాబు. వాడు కళ్లు పెద్దవి చేసుకుని చూశాడు. ఆ చూపు కోసమే రెండో లెక్కకి వెళ్లాను, దాచడం ఎందుకు.

వాళ్లకో మంచి నియమం ఉంది. సరైన పద్ధతి దొరికితే మామూలు కంప్యూటరు మీద జవాబు ఒక్క నిమిషంలో రావాలి. రాత్రంతా మిషను తిరుగుతోందంటే మిషను చేతకానిది కాదు, మనం ఆలోచించలేదని. ఇంజినీరుగా నాకు ఇది కొత్త కాకూడదు గానీ, కొత్తగానే అనిపించింది. ఆఫీసులో నెమ్మదిగా నడిస్తే పెద్ద మిషను కొనమని ఫైలు పెడతాం.

అలా చేసుకుంటూ 31వ లెక్కకి వచ్చాను. ఇంగ్లండు నాణేలతో రెండు పౌండ్లకి చిల్లర ఎన్ని రకాలు? చదివి లాప్‌టాప్ మూసేశాను. ఎర్ర సిరా ప్రశ్నార్థకం కళ్ల ముందుకొచ్చింది. పౌండ్లు తరవాత, ముందు మన రూపాయి తేలాలి అనుకున్నాను.

పది వరసల ప్రోగ్రాం. జవాబు తెలిసిన లెక్కతో మొదలుపెట్టాను: నాలుగు నాణేలు, రావలసింది 40. మిషను 27,517 అంది.

మళ్లీ చూశాను. టైపు తప్పులు లేవు. మళ్లీ 27,517. రాత్రి పన్నెండింటికి తెలిసింది. పదిహేను పైసలకి చిల్లర రెండు రకాలే కదా: మూడు ఐదులు, లేదా ఒక పది ఒక ఐదు. నా ప్రోగ్రాం మూడంటోంది. ముందు పది ఇచ్చి తరవాత ఐదు ఇవ్వడం, ముందు ఐదు ఇచ్చి తరవాత పది ఇవ్వడం దానికి వేరు వేరు. నేను ప్రతి మొత్తం దగ్గరా ఆగి అన్ని నాణేలూ ప్రయత్నించమన్నాను. చెప్పవలసింది తలకిందులు: ఒక్కో నాణెం తీసుకుని అన్ని మొత్తాలూ చుట్టి రావాలి, అప్పుడు తరవాతి నాణెం. రెండు వరసలు పైకీ కిందికీ మార్చాను. 40 వచ్చింది. మాస్టారు 1982లో బోర్డు మీద "వరసలో వెళ్లండి" అన్నది ఇదే. ఆ 40 ముందే చేత్తో చేసి ఉండకపోతే 27,517ని నమ్మేవాణ్ణే. మిషను చెప్పింది కదా!

ఆ పద్ధతి ఐదో క్లాసు పిల్లలూ చెయ్యగలరు. సున్నా, ఐదు, పది, పదిహేను... వంద దాకా గళ్లు గీయండి. ఐదు పైసలు ఒక్కటే ఉంటే ప్రతి గడిలో 1. ఇప్పుడు పది పైసల బిళ్ల చేతికొచ్చింది. ఎడమ నుంచి కుడికి వస్తూ, ప్రతి గడికీ దానికి పది వెనక ఉన్న గడిలోని అంకె కలపండి. పదిహేను గడిలో 2, పాతిక గడిలో 3 వస్తాయి. పావలా వస్తే పాతిక వెనక గడి కలపండి, పాతిక గడి 4 అవుతుంది. ఇరవై పైసలు వస్తే 5. అంతే. లెక్కపెట్టడం లేదు, కూడడమే. వంద గడిలో నాలుగు నాణేలకి 40. ఇరవై పైసలు చేర్చగానే 91. ఆ తరవాత ఒకటి, రెండు, మూడు పైసలు చేరిస్తే 49,555.

నేను వేసిన అంకె 2,316. నాలుగు పేజీల్లో రాసింది మహా అయితే రెండు వందలు.

తెల్లారాక దీని వెనక ఏముందో చదవడం మొదలుపెట్టాను. ఆ లెక్కల వరసకి పేరిచ్చిన ఆయిలర్ 1748లో అచ్చయిన తన పుస్తకంలో సంఖ్యల్ని ఇలా ముక్కలు చెయ్యడం గురించి ఒక అధ్యాయం రాశాడు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, అలా రెట్టిస్తూ పోయే తూనికరాళ్లు ఒక్కోటి ఉంటే ఏ బరువునైనా ఒకే ఒక్క విధంగా తూచవచ్చని కూడా అందులో ఉంది. అది చదివి మా అమ్మమ్మ గుర్తొచ్చింది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఐదు కొలతలూ ఒక్కోసారి వాడితే ఒక సోల నుంచి ముప్పై ఒక్క సోలల దాకా ఏదైనా కొలవచ్చు, ప్రతిదానికీ ఒక్కటే దారి. కంప్యూటరు లోపల అంకెలు ఉండేది ఇలాగే. మా అమ్మమ్మ చదువుకోలేదు. ధాన్యం కొలుస్తూ మధ్యలో నేను పలకరిస్తే "ఆగరా గుంటడా, లెక్క తప్పీగల్ను" అనేది.

రామానుజన్ కూడా ఈ దారిలోనే తగిలాడు. 1905లో కుంభకోణం కాలేజీలో చదువు చెడి, ఇంట్లో చెప్పకుండా రైలెక్కి పారిపోయి వచ్చింది మన విశాఖపట్నానికే. అప్పటికి పదిహేడేళ్లు. ఆ కుర్రాడే 1918లో హార్డీతో కలిసి, ఒక సంఖ్యని ఎన్ని రకాలుగా ముక్కలు చెయ్యవచ్చో చెప్పే సూత్రం అచ్చువేశాడు. ఒకటి నుంచి వంద దాకా ప్రతి పైసకీ ఒక నాణెం ఉందనుకోండి, రూపాయికి చిల్లర 19,05,69,292 రకాలు. రెండు రూపాయలకి, అంటే 200కి, జవాబు 39,72,99,90,29,388. దీన్ని మెక్‌మహాన్ అనే ఆయన కూర్చుని చేత్తో లెక్క కట్టాడు. సూత్రం ఇచ్చిన జవాబుని ఆ చేతిలెక్కతోనే సరిచూసుకున్నారు. రామానుజన్ అంతటివాడి సూత్రానికి సరిచూడటం తప్పనప్పుడు నా పది వరసలు ఎంత?

అందుకని పోయిన సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు, కనుమ నాడు మాస్టారింటికి వెళ్లాను. అరిసెలు పెట్టారు. కాగితం చేతిలో పెట్టి, "మాస్టారూ, రూపాయి లెక్క. 49,555" అన్నాను. కాగితం తిరగేసి చూశారు. వెనక ఖాళీ. "దారేదిరా?" అన్నారు. నలభై ఏళ్లు దాటినా అదే మాట. గళ్ల పద్ధతి చెప్పాను. అంతా విని, "అది మిషను దారి. నేను నా దారిలో చేస్తాను. ఒకటే వస్తే అప్పుడు టిక్కు పెడతాను" అన్నారు.

తొమ్మిదో రోజు ఫోను. "49,518 వచ్చిందిరా."

నిజం చెబుతున్నాను, మొదట అనుమానం వచ్చింది నా ప్రోగ్రాం మీదే. 27,517 అనుభవం ఉంది కదా. ఆయన పద్ధతి అడిగాను. చక్కటి పద్ధతి. నాణేల్ని రెండు కుప్పలు చేశారు: ఐదు, పది, ఇరవై, పాతిక, యాభై ఒక కుప్ప, ఒకటి, రెండు, మూడు ఇంకో కుప్ప. పెద్ద కుప్ప నుంచి ఎన్ని పైసలు, మిగిలింది చిన్న కుప్ప నుంచి. సున్నా నుంచి వంద దాకా ఐదేసి చొప్పున ఇరవై ఒక్క వరసలు, ప్రతి వరసలో ఒక గుణకారం. చిన్న కుప్పకి ఒక సూత్రం పట్టారు: కావలసిన పైసలకి మూడు కలిపి, వర్గం చేసి, పన్నెండుతో భాగించి, దగ్గరి పూర్ణసంఖ్య తీసుకోవాలి. మొత్తం మూడు ఠావులు.

"మాస్టారూ, తేడా 37" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. కాగితాలు తిరగేస్తున్న శబ్దం. తరవాత ఆయనే, "నా పట్టికలో 37 ఒక్క చోటే ఉందిరా. పెద్ద నాణేలతో డెబ్భై పైసలు 37 రకాలు. అంటే ముప్పై పైసల దగ్గర ఒకటి తగ్గింది" అన్నారు. ముప్పైకి మూడు కలిపితే 33, దాని వర్గం 1,089, పన్నెండుతో భాగిస్తే తొంభై ముప్పావు. 91 వెయ్యాలి. ఆ ఒక్క వరసలో ముప్పావు వదిలేసి 90 వేశారు. ముప్పై ఏడు తొంభై ఒకట్లు. సరిపోయింది. 49,555.

ఆయన చాలాసేపు నవ్వారు. నేను ఎన్నో లెక్కలు విప్పాను గానీ, తప్పు ఎక్కడుందో తేడాయే చెప్పెయ్యడం అంత అందంగా ఇంకెక్కడా చూడలేదు.

ఆ ఊపులో నేనూ చెప్పేశాను. "మాస్టారూ, ఆ రోజు పేజీలు వానకి తడవలేదండి. అంకె ఊరికే వేశాను."

"తెలుసురా. ఆ వారం చినుకు పడలేదు. నారుమళ్లు ఎండిపోతున్నాయని మా నాన్న ఒకటే గోల."

మరి అప్పుడే ఎందుకు అడగలేదని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఫోను పెట్టేసే ముందు మాత్రం, "పాత రూపాయి సంగతేటి? నా చిన్నప్పటిది. పదహారు అణాలు, నూట తొంభై రెండు దమ్మిడీలు. దమ్మిడీ, కానీ, అర్ధణా, అణా, బేడ, పావలా, అర్ధ. దానికెన్నిరా?" అన్నారు.

మాస్టారూ, ప్రోగ్రాం రాస్తే క్షణం పట్టదు. కానీ ఈసారి ముందు చేత్తో మొదలుపెట్టాను. అణా దాకా వచ్చాను. కాగితాలు బ్యాగులోనే ఉన్నాయి, తడవలేదు. భోజనాలయ్యాక చూపిస్తాను.