తూటాలో మందు, రాకెట్‌లో మందు
(పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కెమిస్ట్రీ మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. శ్రీహరికోటలో చదివినవాళ్ళం కాబట్టి మందు గురించి చెబుతాను. వెనక బెంచీల మిత్రులు నవ్వకండి, నేను చెప్పేది తుపాకి మందు.

9 మిల్లీమీటర్ల పిస్తోలు తూటాకు ఇత్తడి డొప్ప పొడవు 19 మి.మీ. ఇన్సాస్ రైఫిల్ తూటాకు 45. పిస్తోలు గుండు ఏడెనిమిది గ్రాములుంటుంది, రైఫిల్ గుండు నాలుగు గ్రాములే. అయినా మొదటిది సెకనుకు సుమారు 350 మీటర్లు పోతే, రెండోది 900 మీటర్లు పోతుంది.

రైఫిల్లో మందు ఎక్కువ, నిజమే. కానీ అది కాలే తీరు కూడా వేరు. పిస్తోలు గొట్టం జానెడు కూడా ఉండదు. గుండు బయటపడేలోగా మందు కాలిపోవాలి, అందుకే వేరుశనగ పొట్టులా భగ్గుమనే మందు వేస్తారు. రైఫిల్ గొట్టం మూరెడు. దానికి చింత మొద్దులా నిలిచి కాలుతూ గుండును చివరిదాకా నెట్టే మందు కావాలి. రైఫిల్ డొప్ప నిండా పిస్తోలు మందు పోస్తే తుపాకే పేలిపోతుంది.

అమెరికాలో గురి పోటీలకు వెళ్ళేవాళ్ళు చాలామంది కాల్చిన డొప్పలు ఏరుకొని, కొత్త క్యాపు బిగించి, మందు తూచి పోసి, గుండు అమర్చి మళ్ళీ వాడుకుంటారు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఆ పని చేయకూడదు. వాళ్ళ తూకం గ్రెయిన్లలో ఉంటుంది. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, అందులో పదో వంతు దాకా చూస్తారు. రైఫిల్ డొప్పలో పొరపాటున రెండుసార్లు పోస్తే మందు సాధారణంగా పొర్లిపోతుంది, తప్పు కనిపిస్తుంది. పిస్తోలు డొప్పలో చాలాసార్లు రెండో మోతాదు కూడా పట్టేస్తుంది. భయపడాల్సింది ఆ కనపడని తప్పుకే.

మన రాకెట్‌కూ ఇదే వర్తిస్తుంది. పీఎస్‌ఎల్‌వీ మొదటి అంచెలో సుమారు 138 టన్నుల ఘన ఇంధనం రెండు నిమిషాల లోపే కాలిపోతుంది. రబ్బరులాంటి ఆ ముద్ద మధ్యలో బోలు ఉంటుంది, మంట ఆ బోలు గోడల మీద నడుస్తుంది. లోపల ఎక్కడైనా పగులుంటే మంట అందులోకీ దూరుతుంది. కాలే మేర పెరిగి, ఒత్తిడి హద్దు దాటుతుంది. అందుకే ఇంధన భాగాలను ఎక్స్‌రే తీసి చూస్తారు.

ఇంత జాగ్రత్త ఉన్న ఈ దీవిలోనే 2004 ఫిబ్రవరి 23న ఘన ఇంధనం అంటుకొని ఆరుగురు చనిపోయారు. మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో అడవి పక్క ఊళ్ళలో అడవి పందుల కోసమని నాటు తుపాకుల్లో పిడికిలి అంచనాతో మందు దట్టించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అక్కడ తూకం లేదు, ఎక్స్‌రే లేదు. పగిలిన గొట్టం తీసుకుపోయేది కాల్చినవాడి వేళ్ళూ కళ్ళే.

పిల్లలూ, మీ ఊళ్ళో మామో బావో సరదాగా ఆ పనికి పిలిస్తే వెళ్ళకండి. వీలైతే వాళ్ళనూ ఆపండి. మందు మీద ఇష్టముంటే కెమిస్ట్రీ చదివి, తూకం తెలుసుకొని, గేటు లోపలికి ఉద్యోగానికి రండి.

సెలవు.