బొమ్మల కథ ఎవరి సొత్తు?



బొమ్మల కథల పుస్తకం చదవని వారు మీలో బహుశా ఉండరు. ఆ పుస్తకం సినిమాగా వస్తే సంతోషంగా వెళ్లి చూస్తాం. అయితే దాన్ని సినిమాగా తీసే హక్కు ఎవరిది? ‘పుస్తకం వేసినవారిది’ అని మీరు వెంటనే అనవచ్చు. సమాధానం అంత సులువు కాదు. అమెరికాలో రెండు పెద్ద స్టూడియోలు ఇదే ప్రశ్న మీద కోర్టుకెక్కాయి. ఆ వివాదాన్ని ఈ రోజు మెట్టు మెట్టుగా పరిశీలిద్దాం.

ముందు ఒక మామిడి తోటను ఊహించుకోండి. భూమి రైతుదే. ఈ ఏటి కాపును ఒకరికి గుత్తకు ఇచ్చాడు. చెట్ల కింద గడ్డి కోసుకోవడానికి మరొకరికి ఒప్పుకున్నాడు. తోట ఒక్కటే, హక్కులు మూడు. కాపీరైట్ కూడా ఇలాంటిదే. అది ఒకే హక్కు కాదు, హక్కుల కట్ట. పుస్తకంగా అచ్చువేసే హక్కు, అనువదించే హక్కు, సినిమాగా తీసే హక్కు, తీసిన సినిమాను పంపిణీ చేసే హక్కు, వీటిలో దేనికదే విడిగా అమ్ముకోవచ్చు.

ఇప్పుడు అసలు కథకు వద్దాం. రచయిత అలాన్ మూర్, చిత్రకారుడు డేవ్ గిబ్బన్స్ కలిసి ‘వాచ్‌మెన్’ అనే బొమ్మల కథను సృష్టించారు. డీసీ కామిక్స్ సంస్థ దాన్ని 1986, 1987 సంవత్సరాలలో 12 సంచికలుగా ప్రచురించింది. డీసీ అప్పటికే వార్నర్ కుటుంబానికి చెందిన సంస్థ. అయినా 1986లోనే సినిమా హక్కులు ట్వెంటియత్ సెంచురీ ఫాక్స్ చేతికి వెళ్లాయి. అంటే పుస్తకం వార్నర్ ఇంట్లో ఉంది, సినిమా హక్కు పొరుగింట్లో ఉంది. ఈ విషయం గుర్తుంచుకోండి.

ఫాక్స్ ఆ సినిమా తీయలేదు. 1991లో కొన్ని హక్కులను వేరొక సంస్థకు వదులుకుంది కాని, పంపిణీ హక్కును తన దగ్గరే ఉంచుకుంది. 1994లో నిర్మాత లారెన్స్ గోర్డన్‌తో మరో ఒప్పందం చేసుకుంది. ఇలాంటి ఒప్పందాన్ని సినిమావారు ‘టర్న్ అరౌండ్’ అంటారు. ‘మేము తీయడం లేదు. మీరు మరో స్టూడియోకు తీసుకెళ్లవచ్చు. కాని ఇంతవరకు మేము పెట్టిన ఖర్చు వడ్డీతో సహా చెల్లించాలి’ అన్నది దాని సారాంశం.

ఆ తరువాత ఈ ప్రాజెక్టు యూనివర్సల్‌కు వెళ్లింది, పారమౌంట్‌కు వెళ్లింది. చివరకు వార్నర్ బ్రదర్స్ చేతికి వచ్చింది. దర్శకుడు జాక్ స్నైడర్ 2007లో చిత్రీకరణ మొదలుపెట్టారు. చిత్రీకరణ పూర్తయ్యే సమయానికి, 2008 ఫిబ్రవరిలో, ఫాక్స్ లాస్ ఏంజెలెస్‌లోని ఫెడరల్ కోర్టులో దావా వేసింది. ‘గోర్డన్ మాకు చెల్లించవలసింది చెల్లించలేదు. కాబట్టి హక్కు మా దగ్గరి నుండి కదలనే లేదు’ అన్నది దాని వాదన. ‘మేము ఇంత డబ్బు ఖర్చు చేస్తుంటే ఇంతకాలం ఊరుకుని, ఇప్పుడు అడ్డుపడటం న్యాయం కాదు’ అని వార్నర్ అన్నది.

మీరే న్యాయమూర్తి స్థానంలో ఉంటే ఏం చేస్తారు? ఒక్క నిమిషం ఆలోచించండి.

న్యాయమూర్తి గ్యారీ ఫీస్ కాగితాలను వరుసగా చదివారు. 2008 డిసెంబరు 24న తన నిర్ణయం తెలిపారు. కనీసం పంపిణీ హక్కు ఫాక్స్‌కే ఉందన్నారు. 2009 మార్చి 6న విడుదల కావలసిన సినిమా ఆగిపోయే పరిస్థితి వచ్చింది. చివరకు 2009 జనవరి మధ్యలో రెండు స్టూడియోలు రాజీపడ్డాయి. ఫాక్స్‌కు కొంత సొమ్ము, సినిమా రాబడిలో వాటా దక్కాయి. సినిమా అనుకున్న రోజునే వార్నర్ పేరుతో విడుదలైంది.

ఇందులోని సూత్రాన్ని భౌతికశాస్త్రం చదివిన మీరు తేలికగా పట్టుకోగలరు. శ్రేణిలో కలిపిన విద్యుత్ వలయంలో బ్యాటరీ కొత్తదే, బల్బు మంచిదే, కాని మధ్యలో ఒక్కచోట తీగ తెగితే బల్బు వెలగదు. హక్కుల గొలుసు కూడా అంతే. గోర్డన్ దగ్గర లేని హక్కును తరువాతి స్టూడియోలు ఆయన దగ్గర పొందలేవు. లేనిదాన్ని ఎవరూ ఇవ్వలేరు. మన ఊళ్లలో ఇంటిస్థలం కొనేటప్పుడు పెద్దలు లింకు డాక్యుమెంట్లు అడిగేది ఇందుకే. పాతికేళ్ల కిందటి కాగితంలో లోపం ఉంటే ఈనాడు కట్టిన మేడకు ముప్పు వస్తుంది.

అయితే మనం ఇంకో మాట అడగాలి. ఈ పోరాటంలో కథను సృష్టించినవారు ఎక్కడున్నారు? వారు వాది కాదు, ప్రతివాది కాదు. పుస్తకం అచ్చులో లేకుండా పోతే కొంతకాలానికి హక్కులు సృష్టికర్తలకు తిరిగి రావాలని వారి ఒప్పందంలో ఉంది. కాని పుస్తకానికి గిరాకీ తగ్గలేదు, అచ్చు ఆగలేదు, హక్కులు తిరిగి రాలేదు. పుస్తకం విజయమే ఆ నిబంధనను నిరుపయోగం చేసింది! అలాన్ మూర్ తన పేరు సినిమాలో వేయవద్దన్నారు. తెర మీద డేవ్ గిబ్బన్స్ పేరు మాత్రమే కనిపించింది.

మన దేశంలో చట్టం ఏమంటుంది? భారత కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. అందులోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. గడువు రాయకపోతే అది 5 సంవత్సరాలే. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దాన్ని వినియోగించకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, ఆ బదలాయింపు రద్దయినట్లే. ఏళ్ల తరబడి హక్కును పెట్టెలో పెట్టి తాళం వేయకుండా ఇది ఒక రక్షణ. కాని ‘వేరేగా రాసుకుంటే తప్ప’ అన్న మూడు మాటలను గమనించారా? రక్షణ అంతా ఆ మూడు మాటల్లో కరిగిపోవచ్చు.

57వ సెక్షన్ మరో మేలు చేస్తుంది. హక్కులు అమ్మిన తరువాత కూడా, తన పరువుకు భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే రచయిత అడ్డుకోవచ్చు. హిందీ రచయిత్రి మన్నూ భండారీ తన నవల ‘ఆప్‌కా బంటీ’ ఆధారంగా తీసిన చిత్రం విషయంలో ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించారు. సినిమా హక్కు అమ్మినంత మాత్రాన రచయితకున్న ఈ ప్రత్యేక హక్కు పోదని ఆ కోర్టు 1986లో స్పష్టం చేసింది.

మీలో కథలు రాసేవారు, బొమ్మలు వేసేవారు, పాటలు కట్టేవారు ఉన్నారు. రేపు ఎవరో వచ్చి మీ ముందు ఒక కాగితం పెడతారు. మొదటి అవకాశం వచ్చిన సంతోషంలో చదవకుండా సంతకం చేయాలనిపిస్తుంది. అప్పుడు నాలుగు ప్రశ్నలు వేయండి. ఏ హక్కు ఇస్తున్నాను? ఎంతకాలానికి? ఏ ప్రాంతానికి? వాడకపోతే అది నాకు ఎప్పుడు తిరిగి వస్తుంది? జవాబులు కాగితం మీదే ఉండాలి, మాట మీద కాదు. కాగితం నకలు ఒకటి మీ దగ్గర భద్రపరచుకోండి.

చివరగా మీకొక చిన్న పని. మీ కళాశాల పత్రికలో వచ్చిన ఒక కథను తీసుకోండి. దాన్ని నాటకంగా వేయాలంటే ఎవరి అనుమతి కావాలి, రేడియోలో చదవాలంటే ఎవరిది, బొమ్మల పుస్తకంగా వేయాలంటే ఎవరిది, మిత్రులతో కలిసి ఒక పట్టిక తయారు చేయండి. ఒక్క కథలో ఎన్ని హక్కులు దాగి ఉన్నాయో మీకే తెలుస్తుంది.